ఆరేళ్లుగా మా షాపులో గాలి మిషన్

సూర్యాపేట దగ్గర హైవే పక్కన నాది బైకుల పంక్చర్ షాపు. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, బెల్టు, 160 లీటర్ల ట్యాంకు ఉన్న కంప్రెసర్ ఆరేళ్ల కింద కొన్నాను. ఇన్నాళ్లలో గాలిని నొక్కే హెడ్డు విప్పించింది ఒక్కసారే. అదీ అనవసరంగానే.

రెండో ఏడు మొదలైంది గొడవ. ట్యాంకు నిండి మోటారు ఆగగానే, దాన్ని ఆపే ప్రెషర్ స్విచ్ కింద ఒకసారి 'టస్సు'మనాలి. హెడ్డులో మిగిలిన గాలి అలా పోతేనే మోటారు మళ్లీ తేలిగ్గా తిరుగుతుంది. మాది మాత్రం సుయ్‌మని ఆగకుండా పోతూనే ఉండేది. మళ్లీ స్టార్ట్ అవ్వాల్సిన టైముకు గుంయ్‌మని మూలిగేదే తప్ప తిరిగేది కాదు. వచ్చిన మెకానిక్ చెవి పెట్టి వినకుండానే "రింగులు పోయినయ్" అన్నాడు. విప్పి చూస్తే పిస్టన్ రింగులు శుభ్రంగా ఉన్నాయి. కూలీ, గ్యాస్కెట్ల ఖర్చు మాత్రం నాకు మిగిలింది.

పక్క షెడ్డులో పెయింటింగ్ చేసే అన్న వచ్చి "తమ్మీ, ఎన్‌ఆర్‌వీ చూసినవా?" అన్నాడు. నాన్ రిటర్న్ వాల్వు, అంటే ట్యాంకులోకి గాలి వెళ్లే చోట ఉండి దాన్ని వెనక్కి రానివ్వని ఇత్తడి వాల్వు అది. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి విప్పాం. లోపలి రబ్బరు మీద చిటికెన వేలి గోరంత మసి పెచ్చు. అది అడ్డం పడి వాల్వు మూసుకోక, ట్యాంకులో గాలి వెనక్కి తన్నుతోంది. కొత్తది వేస్తే హెడ్డు విప్పిన కూలీలో సగం కూడా కాలేదు. ఆ మసి నా పుణ్యమేనేమో: అంతకుముందు కంప్రెసర్ ఆయిల్ దొరకలేదని బైకు ఇంజనాయిల్ పోశాను.

మోటారు మూలిగితే ఇప్పుడు మొదట స్విచ్ కట్టేస్తాను. అలాగే వదిలేస్తే వైండింగ్ కాలుతుంది. తర్వాత ట్యాంకు ఖాళీ చేసి ఆన్ చేస్తాను. తిరిగితే అనుమానం ఎన్‌ఆర్‌వీ మీదో ప్రెషర్ స్విచ్ మీదో. ఖాళీ ట్యాంకుతోనూ మూలిగితే వోల్టేజి చూస్తాను, అది బాగుంటే కెపాసిటర్. ఓ ఎండాకాలం సాయంత్రం మాది ఉబ్బిపోయి దొరికింది.

రాత్రి మీటరులో 8 కేజీల ప్రెషరున్న గాలి పొద్దునకు 3కి దిగిందంటే ముందు సబ్బు నురగ. అలా దిగిన మూడుసార్లూ బుడగలు వచ్చింది పైపు కప్లింగ్ దగ్గరే, మిషన్‌లో కాదు.

కంపెనీ మీద నా కోపమల్లా ట్యాంకులో చేరే నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్ మీద. సరిగ్గా ట్యాంకు పొట్ట కింద పెట్టారు, నేల మీద పడుకుంటే గానీ చెయ్యి అందదు. అందుకే మొదటి ఏడాది బద్ధకించాను. తీసినరోజు టీ డికాషన్ లాంటి తుప్పు నీళ్లు! లోపల రేకు తినేసుకుంటూ పోతే ఆ ట్యాంకు బాంబే. ఎల్బో, చిన్న పైపు, బాల్ వాల్వు పెట్టించి పక్కకు తెచ్చుకున్నాక రోజూ రాత్రి వదులుతున్నాను. వానాకాలం దాదాపు గ్లాసెడు వస్తాయి, ఏప్రిల్‌లో నాలుగు చుక్కలు.

గాలి తొందరగా ఎక్కుతుందని ప్రెషర్ స్విచ్ స్ప్రింగు బిగించేవాళ్లను చూశాను. బైకు టైరుకు 30 పీఎస్‌ఐ చాలదా? నేను దాన్ని ముట్టుకోను, సేఫ్టీ వాల్వు రింగు మాత్రం వారానికోసారి లాగి చూస్తాను.

ఫిల్టరు స్పాంజి మాత్రం లారీల దుమ్ముకు నెలకే నల్లబడుతుంది, దులపకపోతే హెడ్డు వేడెక్కుతుంది. ఈ వారం బెల్టు మార్చాలి. బొటనవేలితో నొక్కితే అంగుళం దిగుతోంది, స్టార్టింగ్‌లో కీచుమంటోంది.