కార్పెట్ వాష్‌కి ఇస్తున్నారా? చుట్ట విప్పి చూడందే ఓటీపీ చెప్పకండి

కోపంలోనే రాస్తున్నాను, మాట కటువుగా ఉంటే సర్దుకోండి. పండగల ముందు హైదరాబాద్ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తిరిగే ఆ "ఫ్రీ పికప్, డీప్ వాష్, డోర్ డెలివరీ" ఫ్లయర్ మీరూ చూసే ఉంటారు. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. ఇచ్చింది ఏలూరులో నేసిన చేతిముడి ఉన్ని తివాచీ. 6×9 అడుగులు, ఎర్ర నేల (అంచు లోపలి భాగం), మీగడ రంగు అంచు. వెళ్లేటప్పుడు ఉన్నవి ఒక మూల టీ మరక, లోపల దుమ్ము, అంతే. తిరిగొచ్చేసరికి అంచు గులాబీ రంగు. టీ మరక మాత్రం ఎక్కడికీ పోలేదు, క్షేమంగా ఉంది.

అసలు మంట ఇక్కడ. చుట్టంతా పాలిథిన్, దాని మీద టేపు. కుర్రాడు గుమ్మం దాటి లోపలికి కూడా రాలేదు. "ఓటీపీ చెప్పండి సార్, క్లోజ్ చేస్తా, తర్వాత నిమ్మళంగ విప్పుకోండి." ఒక్కసారి విప్పి చూపించు బాబూ అంటే, "ఇంకా డెలివరీలున్నయ్ సార్, లేటైతే నాకు కట్ జేస్తరు." ఓటీపీ పడిందో లేదో మెసేజ్ వచ్చింది: "మీ వస్తువును సంతృప్తికరమైన స్థితిలో అందుకున్నారు, ధన్యవాదాలు." టేపు ఇంకా కొయ్యనే లేదు, అప్పటికే మేం సంతృప్తి చెందేశామన్నమాట! ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ గారి సమాధానం: "పాతది గద సార్, ముందుగాల్నుంచే గట్ల ఉండొచ్చు." పికప్ రోజు వాళ్ల మనిషే వాళ్ల ఫోన్‌తో తీసి పంపిన ఫొటోలో అంచు మీగడ రంగులో మెరుస్తోంది. అదే ఫొటో తిరిగి పంపితే, "అది లైటింగ్ తేడా సార్." లైటు పడి ఎరుపు పక్కకి నడిచొచ్చిందట. ఇంకాస్త గట్టిగా అడిగితే బిల్లు వెనక చూసుకోమన్నారు. చీమ తలకాయంత అక్షరాల్లో "ఓనర్స్ రిస్క్", అంటే పాడైతే బాధ్యత మనదేనట.

పాతదవడం వల్ల రంగు దిగిందా, వాళ్ల పని వల్లా అన్నది తివాచీయే చెబుతుంది. ఎలా చూడాలో రాస్తాను, మీకు పనికొస్తుంది.

మొదటిది, గులాబీ ఎక్కడుంది? ఉతుకుతున్నప్పుడే రంగు దిగి ఉంటే అంచు నాలుగు వైపులా దాదాపు ఒకే తీరున పలచగా పడుతుంది. ఇక్కడ రెండు కొసల్లో ముదురుగా, మధ్య భాగంలో దాదాపు శూన్యం. అంటే నీళ్లు పిండకుండానే డాబా పిట్టగోడ మీద మధ్యకి మడిచి వేలాడదీశారు. ఎర్ర నేలలోంచి నీళ్లు మెల్లగా కిందికి దిగుతూ వదులైన రంగుని రెండు కొసలకీ మోసుకెళ్లాయి. మధ్యలో అడ్డంగా పిట్టగోడ సిమెంటు గీత కూడా ఉంది, సంతకం పెట్టినట్టు. రెండోది, అంచులో పోగులు వేళ్లతో విడదీసి చూడండి. మొదలు దగ్గర మీగడ రంగు, మొనల్లో గులాబీ. నీరు ఆవిరయ్యేది మొన దగ్గర కాబట్టి అది మోసుకొచ్చింది అక్కడే వదిలేస్తుంది. ఇది నెమ్మదిగా ఆరిన తడి చేసే పని, వయసు చేసే పని కాదు.

మూడోది కుచ్చులు. బాగా తెల్లగా ఉన్నాయి, అనుమానం వచ్చేంత తెల్లగా. చేతిముడి తివాచీకి కుచ్చులంటే అలంకారానికి కుట్టినవి కావు, నేతలోని పడుగు దారాల కొసలే. అవి సాధారణంగా నూలు. చూడగానే కస్టమర్ కంటికి "అబ్బ, ఎంత శుభ్రం" అనిపించాలని వాటికి లిక్విడ్ బ్లీచ్ కొడతారు. ఘాటుగా కొట్టిన క్లోరిన్ బ్లీచ్ నూలుని బలహీనం చేస్తుంది, ఉన్నినైతే ఏకంగా తినేస్తుంది. ఒక కుచ్చు పట్టుకుని మెల్లగా లాగితే పుటుక్కున తెగింది. పక్కనున్న మొదటి వరసల ఉన్ని పసుపు తిరిగి గరుకుగా తయారైంది, బ్లీచ్ చిందిందన్నమాట. కుచ్చులు రాలాక ఆ కొస నుంచి పేక జారుతుంది, తర్వాత ముడులు ఒక్కొక్క వరసే విడతాయి. రంగు కంటే పెద్ద నష్టం ఇదే.

నాలుగోది జిగట. అరచేతి వెడల్పు చోటుని కాస్త తడిపి తెల్ల గుడ్డతో రుద్దితే నురుగొచ్చింది. సరిగా జాడించలేదు. మిగిలిపోయిన షాంపూ కొత్త దుమ్ముని అంటించుకుంటుంది, మళ్లీ మూడు నెలలకి మురికి, మళ్లీ వాళ్లకే ఫోన్. వ్యాపారం బాగుంది కదా. ఐదోది, బోర్లించి వెనక్కి తట్టితే గచ్చు మీద సన్నటి ఇసుక. అంటే అసలు దుమ్మే దులపలేదు. దుమ్ము తియ్యకుండా నీళ్లు పోస్తే అది అడుగున బురదవుతుంది. ఆ ఇసుకే నడిచినప్పుడల్లా పోగుల మొదళ్లని కోస్తుంది.

ఇంతకీ వాళ్ల "డీప్ వాష్" ఏమిటంటే, అందరికీ ఒకే డబ్బా షాంపూ, ఒకే రోటరీ బ్రష్, ఒకే రేటు. వరంగల్ దర్రీ అయినా, భదోహి టఫ్టెడ్ అయినా, కాశ్మీరీ సిల్కు అయినా, ఐకియా పాలీప్రొపిలీన్ అయినా సరే. దర్రీకి పైకి లేచి నిలబడే పోగే ఉండదు, బల్లపరుపు నేత. జనపనార కలిస్తే ఎక్కువ తడికి, క్షారానికి గోధుమ రంగు మచ్చలు తేలతాయి. హ్యాండ్ టఫ్టెడ్ అంటే ముడి వెయ్యకుండా గుడ్డలోకి పోగులు గుచ్చింది, వెనక ఇంకో గుడ్డ, మధ్యలో లేటెక్స్ జిగురు. నీళ్లలో నానబెడితే జిగురు విడిపోయి బుడగలు లేస్తాయి, పాతబడ్డాక తెల్ల పొడి రాలుతుంది. "బాంబూ సిల్క్", "ఆర్ట్ సిల్క్" అని అమ్మేవి చాలావరకు విస్కోస్, అంటే కలప గుజ్జుతో చేసే పోగు. తడిస్తే ఆ పోగు బలం బాగా తగ్గుతుంది, బ్రష్ పడితే చదునై పసుపు తిరుగుతుంది, మళ్లీ మామూలవ్వదు. కాబట్టి ఫోన్‌లో ఏ పోగు, ఏ నేత అని అడక్కుండా "సైజు చెప్పండి సార్" అని మాత్రమే అడిగేవాడికి పని రాదు. ఇదొక్కటి పట్టుకున్నా సగం మందిని అక్కడే వదిలేయొచ్చు.

మీది ఏదో మీకే తెలియకపోతే తిరగేసి చూడండి. ముందున్న డిజైన్ వెనక కూడా స్పష్టంగా కనబడి, ముడులు వేళ్లకి తగిలితే చేతిముడి. గుడ్డ అంటించి ఉంటే టఫ్టెడ్. కుచ్చులు విడిగా కుట్టి ఉంటే అది దాదాపు ఖాయంగా చేతిముడి కాదు. ఉన్నియా, కృత్రిమమా అన్న అనుమానానికి ఒక్క పోగు తీసి పటకారుతో పట్టుకుని కాల్చి చూడండి. జుట్టు కాలిన వాసన, చేత్తో నలిగే బూడిద అయితే ఉన్ని లేదా పట్టు. కాగితం వాసనైతే నూలు లేదా విస్కోస్. కరిగి గట్టి పూస కడితే ప్లాస్టిక్ పోగు.

ఇక ఉన్ని చేతిముడికి పని ఎలా జరగాలో చెబుతాను, వాళ్లని నిలదీయడానికి పనికొస్తుంది. ముందు బోర్లించి మెషీన్‌తోనో గాలి ఒత్తిడితోనో దుమ్ము రాలగొట్టాలి, ఇసుక రావడం ఆగేదాకా. తర్వాత రంగు పరీక్ష. తెల్ల నూలు గుడ్డ తడిపి ప్రతి రంగు మీదా ఒక నిమిషం గట్టిగా నొక్కి ఉంచాలి. అంతటితో వదలకూడదు. వాళ్లు వాడే షాంపూ నీళ్లతో అదే మళ్లీ చెయ్యాలి. మామూలు నీళ్లకి కదలని ఎరుపు షాంపూకి కదులుతుంది. మోసం, అజ్ఞానం రెండూ ఈ మెట్టు దగ్గరే దొరుకుతాయి. ఉన్నికి వేసిన ఆమ్ల రంగులు క్షారంలో వదులవుతాయి. బట్టల సబ్బుపొడి కలిపిన నీటి పీహెచ్ (ఆమ్ల-క్షార కొలత, 7 దాటితే క్షారం) 10 చుట్టూ ఉంటుంది. ఉన్నికి 5 నుంచి 7 మధ్య ఉండాలి. పీహెచ్ కాగితాలు చవగ్గా దొరుకుతాయి, ఒకటి ముంచితే పది సెకన్లలో తేలుతుంది. నీళ్లు గోరువెచ్చదనం దాటకూడదు. బ్రష్ మెత్తనిది, పోగు వాలిన దిక్కుకే. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడింపు. ఆఖరి జాడింపులో కాస్త సిట్రిక్ లేదా ఎసిటిక్ ఆమ్లం కలిపితే మిగిలిన క్షారం పోతుంది, రంగు నిలబడుతుంది.

ఆ తర్వాత ఆరబెట్టడం, కొంపలు మునిగేది ఇక్కడే. ఉతికిన వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి నీళ్లు లాగెయ్యాలి. ఆ యంత్రం లేనివాడు కనీసం స్క్వీజీతో (నీళ్లు తోసే రబ్బరు పట్టీ) లాగి, వెట్ వ్యాక్యూమ్ పట్టి, బల్లపరుపుగా జాలీ మంచాల్లాంటి వాటి మీద పరిచి, కిందా పైనా ఫ్యాన్లు పెట్టాలి. ఒక రోజులో ఆరాలి. రెండో రోజు దాటాక కూడా లోపల తడి ఉంటే బూజు మొదలవుతుంది, వర్షాకాలంలో మరీ. మన దగ్గర చాలామంది "షెడ్" అనేది ఒక డాబా, ఒక పిట్టగోడ, ఒక పైపు. ఇంకో చిక్కు ఏమిటంటే, ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం దాకా తేమ పీల్చుకుని కూడా చేతికి తడి తగలనివ్వదు. పైన చెయ్యి పెట్టి "ఆరింది సార్" అంటే నమ్మొద్దు. ఇవ్వబోయే ముందు తూచండి (చుట్ట ఎత్తుకుని బాత్రూమ్ స్కేల్ ఎక్కి, మీ బరువు తీసెయ్యండి), వచ్చాక మళ్లీ తూచండి. దుమ్ము పోయింది కాబట్టి తగ్గాలి. పెరిగిందంటే నీళ్లు మోసుకొచ్చింది. పెర్ఫ్యూమ్ గుప్పుమంటుంటే ఇంకా అనుమానించండి, దాని వెనకాల వాసన ఏదో ఉంది.

ఇంటికొచ్చి "సోఫా ప్లస్ కార్పెట్ కాంబో, డ్రై క్లీనింగ్" చేసేవాళ్ల గురించీ అడుగుతారు, అందుకే ఒక మాట. అది డ్రై క్లీనింగ్ కాదు, నురుగు రుద్ది వ్యాక్యూమ్ చెయ్యడం. "స్టీమ్" అనేది కూడా ఎక్కువసార్లు వేడినీళ్లు చల్లి లాగడమే. గోడ నుంచి గోడకి వేసిన నైలాన్ ఆఫీస్ కార్పెట్‌కి సరిపోతుంది. ముడి వేసిన ఉన్నికి వద్దు.

బిల్లు తమాషా కూడా చూడండి. 6×9 అంటే 54 చదరపు అడుగులు. వాళ్ల లెక్క 6.5×9.5, అంటే 61.75, "రౌండ్ ఫిగర్" చేసి 62. కుచ్చులు కలిపాం అన్నారు. పొడవులో సరే, వెడల్పులో కుచ్చులు ఎక్కడివి? దానికి మాత్రం ఇప్పటిదాకా జవాబు లేదు.

కాబట్టి ఇచ్చేముందు: పగటి వెలుతురులో ముందు, వెనక, నాలుగు మూలలు, కుచ్చులు ఫొటోలు తీసి, పికప్ మనిషి ముందే వాళ్ల నంబర్‌కి వాట్సాప్ చెయ్యండి. రసీదు మీద పోగు, నేత, కొలత, ఉన్న మరకలు, "రంగు పరీక్ష చేశాకే ఉతకాలి, బ్లీచ్ వద్దు" అని రాయించండి. ఆరబెట్టే చోటు వీడియో అడగండి. చూపించనంటే ఇవ్వొద్దు. తెచ్చినప్పుడు గచ్చు మీద పూర్తిగా పరిచాకే ఓటీపీ. తొందరగా ఉందంటే తర్వాత రమ్మనండి.

బిల్లు అడిగితే ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లలోపు వెళ్లొచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనూ వెయ్యొచ్చు. ఇప్పటికే రంగు దిగిన వాళ్లు ఇంట్లో వెనిగర్, ఉప్పు, బేకింగ్ సోడా ప్రయోగాలు చెయ్యకండి. మరక ఇంకా స్థిరపడొచ్చు, పైగా "మీరే పాడు చేశారు" అనే అవకాశం వాళ్లకి మనమే ఇచ్చినట్టవుతుంది. పొడిగా, చుట్టకుండా, పరిచి ఉంచండి.

ఈ వారం వాళ్లకి ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే డెలివరీ దాకా ఆగొద్దు. ఇవాళే వెళ్లి చూడండి, పిట్టగోడ మీద వేలాడుతుంటే దించి బల్లపరుపుగా పరిపించండి.