సోలార్ పెట్టిస్తున్నారా? ఎస్‌రెక్ డబ్బు ఎవరి పేరున రాసి ఉందో చూశాకే సంతకం పెట్టండి

న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కుని, ఇంటి మీద సోలార్ పెట్టిద్దామని చూస్తున్న మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొంచెం పెద్దదే, కానీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ముందు దయచేసి పూర్తిగా చదవండి. మా పైకప్పు మీద 24 ప్యానెల్స్ ఉన్నాయి. మూడేళ్లు దాటింది, ఒక్కటీ చెడిపోలేదు, కరెంటు బాగానే వస్తోంది. కానీ ఆ కరెంటు మీద వచ్చే ఎస్‌రెక్ డబ్బు ఇంతవరకు ఒక్క డాలరు కూడా నా ఖాతాలో పడలేదు. 15 ఏళ్ల పాటు పడదు కూడా. ఆ హక్కు మొత్తం కంపెనీకి రాసిచ్చేశాను. రాసిచ్చిన సంగతి నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

ఎస్‌రెక్ అంటే తెలియనివాళ్లకు ముందు అది చెప్పాలి. మీ ప్యానెల్స్ వెయ్యి యూనిట్లు, అంటే ఒక మెగావాట్ అవర్ కరెంటు తయారుచేస్తే ఒక సర్టిఫికెట్ పుడుతుంది. దాని పేరే ఎస్‌రెక్, అంటే సోలార్ రెన్యూవబుల్ ఎనర్జీ సర్టిఫికెట్. ఆ కరెంటును మీరు ఇంట్లో వాడుకున్నా, మిగిలింది గ్రిడ్‌కి పంపినా సర్టిఫికెట్ వేరు, కరెంటు వేరు. సర్టిఫికెట్‌ను అమ్ముకోవచ్చు. ఈ స్కీమ్ మన దగ్గర ఒక్కో కాలంలో ఒక్కో రకంగా నడిచింది. పాత ఎస్‌రెక్‌కి షేర్ మార్కెట్ లాగా ధర ఎక్కేది, దిగేది. 2011లో 600 డాలర్లు దాటింది, 2012లో వంద కిందికి పడిపోయింది. ఆ పాత స్కీమ్‌లో కొత్తవాళ్లను తీసుకోవడం 2020 ఏప్రిల్‌తో ఆగింది. మధ్యలో ట్రెక్ అని ఒకటి కొన్నాళ్లు నడిచింది. 2021 ఆగస్టు చివర్లో ఎస్‌రెక్-2 వచ్చింది. ఇందులో ధర స్థిరం. నేను నమోదైనప్పుడు ఇళ్లకు సర్టిఫికెట్‌కి 90 డాలర్లు, 15 ఏళ్ల పాటు. తర్వాత రేటు మారింది కాబట్టి మీరు ఈరోజు రేటు ఎంతో న్యూజెర్సీ క్లీన్ ఎనర్జీ ప్రోగ్రామ్ వాళ్ల సైట్‌లోనే చూసుకోండి, సేల్స్‌వాళ్ల మాట మీద వెళ్లకండి.

మాది 9.6 కిలోవాట్ల సిస్టమ్. ఏడాదికి దాదాపు 11 వేల యూనిట్లు వస్తాయి, అంటే 11 సర్టిఫికెట్లు, 990 డాలర్లు. ప్యానెల్స్ ఏటా కాస్త తగ్గుతాయనుకున్నా 15 ఏళ్లకు 14 వేల డాలర్ల లెక్క. నేను పోగొట్టుకున్నది అది.

ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. 2022 మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం సేల్స్ అబ్బాయి ఇంటికి వచ్చాడు. తెలుగు అబ్బాయే. నన్ను అన్నా అని, మా ఆవిడను వదినా అని పిలిచాడు, టీ తాగాడు, ఊరు ఎక్కడో, కాలేజీ ఎక్కడో మాట్లాడుకున్నాం. మనవాడు కదా అన్న భరోసా నాకు వచ్చేసింది. ఒక పేజీ లెక్క కాగితం టేబుల్ మీద పెట్టాడు. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో మూడు లైన్లు: లోన్ నెలకు 143 డాలర్లు, ఎస్‌రెక్ ఆదాయం నెలకు 82, మీ జేబులోంచి 61. మాకు అప్పట్లో కరెంటు బిల్లు సగటున 160 వచ్చేది. 160 ఎక్కడ, 61 ఎక్కడ అని నేనూ మా ఆవిడా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. 82 పక్కన పెన్నుతో సున్నా చుట్టి, "ఇది గ్యారంటీ అన్నా, గవర్నమెంటు రేటు" అన్నాడు.

కాంట్రాక్టు ఆ రాత్రే ఈమెయిల్‌లో వచ్చింది. ఫోన్‌లోనే తెరిచాను. 38 పేజీలు. ఆన్‌లైన్‌లో సంతకం పెట్టించే డాక్యుసైన్ తెలిసినవాళ్లకు అర్థమవుతుంది, పసుపు రంగు బాణం ఉంటుంది, నొక్కితే సంతకం పెట్టాల్సిన చోటికి దానంతట అదే తీసుకుపోతుంది. మధ్యలో పేజీలు కనబడనే కనబడవు. తొమ్మిది చోట్ల నొక్కాను. నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. అబ్బాయి ఫోన్‌లో లైన్ మీదే ఉన్నాడు, "అయిపోయిందా అన్నా" అని అడుగుతున్నాడు.

జూలైలో ప్యానెల్స్ పెట్టారు. రెండు రోజుల పని, శుభ్రంగా చేశారు. సెప్టెంబర్‌లో కరెంటు కంపెనీ నుంచి పీటీఓ, అంటే స్విచ్ ఆన్ చేసుకోవచ్చన్న అనుమతి వచ్చింది. లోన్ కట్టడం మొదలుపెట్టాను. ఎస్‌రెక్ డబ్బు గురించి డిసెంబర్‌లో అడిగితే "నమోదుకు టైం పడుతుంది" అన్నారు. వేసవిలో అడిగితే "అందరివీ కలిపి ఒకేసారి వేస్తాం" అన్నారు. నిజమే అనుకున్నాను. ఆఫీసు, పిల్లల స్కూలు, అమ్మానాన్నలు ఇక్కడికి రావడం, మళ్లీ వెనక్కి వెళ్లడం. 82 డాలర్ల కోసం ప్రతి నెలా ఫోన్ చేసే తీరిక నాకు దొరకలేదు. వాళ్లకు కావలసింది అదే.

2024 ఫిబ్రవరిలో మా వీధి చివర ఉండే శ్రీకాకుళం వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లాం. వాళ్లూ మా సీజన్‌లోనే వేరే కంపెనీతో సోలార్ పెట్టించుకున్నారు. మాటల్లో ఆయన ఎస్‌రెక్ డబ్బు ఎప్పటికప్పుడు బ్యాంకులో పడుతోందన్నారు. ఫోన్ తీసి చూపించారు కూడా. ప్రసాదం తిని ఇంటికొచ్చి, ఆ రాత్రి లాప్‌టాప్‌లో నా కాంట్రాక్టు మొదటి పేజీ నుంచి చదివాను.

ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. ముందు నేను ఆ పీడీఎఫ్‌లో ఎస్‌రెక్ అన్న మాట కోసం వెతికాను. ఒక్కసారి కూడా లేదు. ఆ మాటే లేదు కాబట్టి హక్కు నాదే అనుకుని ఊరట పడ్డాను. 31వ పేజీకి వచ్చాక దొరికింది. అక్కడ వాడిన మాట "ఎన్విరాన్‌మెంటల్ యాట్రిబ్యూట్స్ అండ్ ఇన్సెంటివ్స్". సిస్టమ్ వల్ల పుట్టే ఆ యాట్రిబ్యూట్స్ అన్నీ, ఇప్పుడున్నవీ, ఇకపై రాబోయేవీ, కంపెనీకి లేదా కంపెనీ చెప్పినవాళ్లకు చెందుతాయని, దానికి ప్రతిఫలం ధరలో ఇప్పటికే తగ్గించామని రాసి ఉంది. ఎంత తగ్గించారో ఎక్కడా అంకె లేదు. ఆ పేజీ కింద నా సంతకం ఉంది.

ఎస్‌రెక్ అంటే ఆ ఎన్విరాన్‌మెంటల్ యాట్రిబ్యూటే. అమ్మకాల కాగితంలో ఒక పేరు, కాంట్రాక్టులో ఇంకో పేరు. మీ కాంట్రాక్టులో యాట్రిబ్యూట్స్, ఇన్సెంటివ్స్, క్రెడిట్స్, అసైన్‌మెంట్ అనే మాటలన్నీ విడివిడిగా వెతకండి.

మర్నాడు కంపెనీకి ఫోన్ చేస్తే తేలిందేమిటంటే, నా సిస్టమ్ సక్రమంగానే నమోదైంది. గ్యాట్స్ అని ఒక వ్యవస్థ ఉంది, మన ప్రాంతపు గ్రిడ్ నడిపే పీజేఎం వాళ్ల అనుబంధ సంస్థది. సర్టిఫికెట్లు పుట్టేది, చేతులు మారేది అందులోనే. అక్కడ మా మీటర్ రీడింగ్ నెలనెలా ఎక్కుతోంది, సర్టిఫికెట్లు పుడుతున్నాయి, అప్పటికే సుమారు 14 పుట్టాయి. 1,260 డాలర్లు. అన్నీ కంపెనీవాళ్ల ఖాతాలోకి. ఇదంతా చేయడానికి యజమాని అనుమతి పత్రం ఒకటి కావాలి, షెడ్యూల్ ఏ అంటారు. ఆ తొమ్మిది సంతకాల్లో అదీ ఒకటి.

"అందరివీ కలిపి వేస్తాం" అని నాతో చెప్పిన రోజున కూడా ఆ డబ్బు నాకు రాదని వాళ్లకు తెలుసు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. ఆ కంపెనీ మానేశాడట. "నాకు ఇచ్చిన టెంప్లేట్ అదే అన్నా, నాకూ తెలియదు" అన్నాడు. నిజమో కాదో చెప్పలేను.

తర్వాత డివిజన్ ఆఫ్ కన్స్యూమర్ అఫైర్స్‌కి ఫిర్యాదు పెట్టాను. కోర్టుకు వెళ్లకుండా ఆర్బిట్రేషన్‌కే, అంటే మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలన్న నిబంధన కూడా కాంట్రాక్టులో ఉంది, కాబట్టి నేరుగా కేసు వేయడం కష్టమని లాయర్ అన్నారు. నా వైపు బలమైన ఆధారం ఒక్కటే, 82 చుట్టూ సున్నా చుట్టిన ఆ లెక్క కాగితం. కంపెనీ 1,800 డాలర్లు ఇస్తాం, ఇక ఈ విషయం ఎక్కడా మాట్లాడనని రాసివ్వండి అంది. నేను రాసివ్వలేదు. వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, దయచేసి అడగకండి. పేరు తెలిసినంత మాత్రాన మీకు రక్షణ ఉండదు, ఇలాంటి పేజీ వేరే కంపెనీ కాంట్రాక్టులోనూ ఉండొచ్చు.

హక్కు రాసివ్వడం దానంతట అది మోసం కాదు, ఆ మాట కూడా చెప్పాలి. కొంతమంది తెలిసే రాసిస్తారు. రీడింగులు, ఖాతాల గొడవ లేకుండా ముందే మూడు నాలుగు వేలు ధరలో తగ్గించుకుంటారు. ఆ తగ్గింపు అంకె కాంట్రాక్టులో కనబడితే, 15 ఏళ్లకు వచ్చేదానితో పోల్చుకుని మీరే నిర్ణయించుకోవచ్చు. ఆదాయం మీదని లెక్క చూపించి, కాగితంలో వాళ్ల పేరు రాసుకోవడమే తప్పు. లీజు, పీపీఏ (ప్యానెల్స్ కంపెనీవే, వాటి కరెంటును మీరు యూనిట్ లెక్కన కొనే ఒప్పందం) అయితే వేరు సంగతి. ప్యానెల్స్ కంపెనీవే కాబట్టి సర్టిఫికెట్లు కూడా సాధారణంగా వాళ్లవే. లీజు అమ్ముతూ ఎవరైనా మీకు ఎస్‌రెక్ డబ్బు వస్తుందంటే అక్కడే ఆపి, ఏ పేజీలో ఉందో చూపించమనండి.

మా స్నేహితుడిది ఇంకో రకం నష్టం. ఎస్‌రెక్-2కి పని మొదలుపెట్టకముందే దరఖాస్తు పెట్టి, షరతులతో కూడిన ఆమోదం లెటర్ తెచ్చుకోవాలి. అతని ఇన్‌స్టాలర్ వర్షాలు వస్తాయని తొందరపడి, లెటర్ రాకముందే పైకప్పు ఎక్కేశాడు. ఇప్పుడు అర్హతే ప్రశ్నార్థకమై కూర్చుంది. ఆ లెటర్ కాపీ మీ ఈమెయిల్‌కి వచ్చేదాకా ఎవరినీ నిచ్చెన వేయనివ్వకండి.

ట్యాక్స్ క్రెడిట్ గురించి కూడా ఒక మాట. సొంతంగా కొనుక్కున్న ఇంటి సోలార్‌కి ఫెడరల్ 30 శాతం క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో అయిపోయింది. ఇప్పటికీ పాత లెక్క కాగితాలతో తిరుగుతూ, ఆ 30 శాతం తీసేసి నెల వాయిదా చూపిస్తే నమ్మకండి. లోన్ తీసుకునేవాళ్లు నగదు ధర ఎంత, లోన్ ధర ఎంత అని రెండూ రాతలో అడగండి. మాకు నగదుకైతే 33 వేలట, లోన్‌కి 43,200 వేశారు. వడ్డీ 2.99 శాతమే అని సంతోషపడ్డాను, ఆ తేడా పది వేలు డీలర్ ఫీజు అని తర్వాత అర్థమైంది. 2024 ఆగస్టులో ఫెడరల్ కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరో ఇచ్చిన రిపోర్టులో కూడా ఈ ఫీజుల వల్ల సోలార్ లోన్లు నగదు ధర కంటే 30 శాతం, అంతకన్నా ఎక్కువ పెరుగుతున్నాయని ఉంది.

ఇదంతా విని గుంటూరులో మా బాబాయి, మాకూ ఇలాంటి సర్టిఫికెట్లు వస్తాయా అని అడిగాడు. అక్కడ ఇంటి మీద పెట్టుకునేవాళ్లకు అసలు లాభం పీఎం సూర్యఘర్ సబ్సిడీ, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలు, అది నేరుగా మీ బ్యాంకు ఖాతాకే వస్తుంది. ఆపైన నెట్ మీటర్ వల్ల బిల్లు తగ్గుతుంది. వెండర్ ఎవరైనా కార్బన్ క్రెడిట్ ఆదాయం కలిపి లెక్క చూపిస్తే ఆ లైన్ కొట్టేసి మిగతాది చూసుకో బాబాయ్ అని చెప్పాను.

ఇక్కడ సంతకం పెట్టబోయేవాళ్లు ఫోన్‌లో పెట్టకండి. పీడీఎఫ్ తెప్పించుకుని, ప్రింట్ తీసి, ఒక రాత్రి ఇంట్లో ఉంచుకోండి. కంపెనీకి 13వీహెచ్‌తో మొదలయ్యే న్యూజెర్సీ హోమ్ ఇంప్రూవ్‌మెంట్ కాంట్రాక్టర్ నంబరు ఉందో లేదో చూడండి. సేల్స్‌వాళ్లకు ఒక ఈమెయిల్ రాయండి: "ఎస్‌రెక్-2 సర్టిఫికెట్లు ఎవరివి? గ్యాట్స్ ఖాతా ఎవరి పేరున తెరుస్తారు? డబ్బు ఏ బ్యాంకు ఖాతాకు వస్తుంది?" జవాబు ఈమెయిల్‌లోనే రావాలి. ఫోన్ చేసి చెబుతాం అంటే ఒప్పుకోకండి. ఎంత మనవాడైనా సరే.

ఈ వారంలోనే ఇంటికొచ్చినవాళ్లకు సంతకం పెట్టేసి, ఇప్పుడు అనుమానం వస్తున్నవాళ్లు ఆలస్యం చేయకండి. ఇంటికొచ్చి అమ్మిన కాంట్రాక్టును సాధారణంగా మూడు పని దినాల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. రద్దు చేస్తున్నానని రాతలో, సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, రసీదు దాచుకోండి. ఏ పేజీలో ఏముందో అర్థం కాకపోతే పేర్లు, అడ్రస్ చెరిపేసి ఆ పేజీ ఫొటో నాకు పంపండి. శనివారాలు ఉదయం కూర్చుని చూస్తున్నాను, ఇప్పటికి ఆరుగురివి చూశాను. అందులో ఇద్దరి కాంట్రాక్టుల్లో ఇదే పేజీ ఉంది, ఇద్దరూ సంతకానికి ముందే తీయించుకున్నారు.