పాత జిగ్‌జాగ్ కత్తెరా, కొత్తదా, ఓవర్‌లాకా: ఇంటి కుట్టుకు ఏది మేలు?

విజయవాడ, గుంటూరు వైపు ఇంట్లో జాకెట్లు కుట్టుకునే వారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. అమ్మదో అత్తగారిదో పాత జిగ్‌జాగ్ కత్తెర, అంటే గుడ్డ అంచును రంపపు పళ్లలా కత్తిరించే పళ్ల కత్తెర, బీరువాలో ఉంటుంది. ఇనుప పిడులు, మంచి బరువు. దాన్ని బాగుచేసి వాడాలా, కొన్ని వందలు పెట్టి ప్లాస్టిక్ పిడుల కొత్తది కొనాలా, లేక రెండూ మాని ప్రతి జాకెట్టునూ ఓవర్‌లాక్‌కి, అంటే అంచును దారాలతో చుట్టి కుట్టే మెషీన్ పనికి, ఇవ్వాలా?

ముందు గుడ్డను బట్టి తేల్చుకోవాలి. పళ్ల కత్తెర పోగులు ఊడటాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. అంచు ఏటవాలుగా తెగుతుంది కనుక లాగినా పొడవాటి పోగు ఊడిరాదు, పంటి వెడల్పు మేర చిన్న ముక్కలే రాలతాయి. దట్టమైన నేత ఉన్న మంగళగిరి కాటన్‌కూ, పాప్లిన్‌కూ, లైనింగ్ వేసిన జాకెట్లకూ అది చాలు. షిఫాన్, జార్జెట్, వదులు నేత లినెన్, వాషింగ్ మెషీన్లో రోజూ తిరిగే పిల్లల బట్టలకు మాత్రం ఓవర్‌లాకే వేయించండి. ఇందులో సందేహం పెట్టుకోవద్దు.

అలాగని అన్నిటికీ ఓవర్‌లాక్ మంచిదని నేను అనను. పలచటి గుడ్డ మీద ఇస్త్రీ చేస్తే ఆ దారాల కట్ట పైకి గీతలా కనిపిస్తుంది. పైగా ఆ మెషీన్‌కు ఉండే చిన్న కత్తి అంచును కోస్తూ పోతుంది. కుట్టేవారు ఏమరిస్తే, తర్వాత లూజు చేసుకోవడానికి మనం జాకెట్ పక్కల్లో వదిలిన గుడ్డ కాస్తా పోతుంది. పళ్ల కత్తెరతో ఎంత తీయాలో మన చేతిలోనే ఉంటుంది, అంచు కూడా బల్లపరుపుగా పడుకుంటుంది.

ఇక పాతదా కొత్తదా అన్నది. చాలామంది పదును చూస్తారు. నా దృష్టిలో తేల్చేది పదును కాదు, పళ్ల పొందిక. పై పళ్లు కింది పళ్ల సందుల్లోకి మొదలు నుంచి కొస దాకా ఒకేలా దిగాలి. ఆ పొందికను నిలిపేది నడిమి మర. పాత కత్తెరల్లో పోత పోసినంత మందంగా ఉన్న ఉక్కు వంగదు, మర వదులైతే స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా బిగించుకోవచ్చు. చవక కొత్తవాటిలో పలచటి రేకులు ప్లాస్టిక్ పిడిలో దిగి ఉంటాయి, చాలావాటికి నడుమ మర బదులు బిగించడానికి వీల్లేని రివెట్ మేకు ఉంటుంది. అది వదులైతే కొసల దగ్గర గుడ్డ తెగకుండా పళ్ల మధ్య నలుగుతుంది, ఇక దానికి మందు లేదు.

ఈ కత్తెరకు సాన పట్టించడం కూడా మామూలు పని కాదు. వీధిలో చక్రం తిప్పుతూ వచ్చే వారికి ఇవ్వకండి. వారు మామూలు కత్తెరకు చక్కగా పెడతారు. పళ్ల కత్తెరను చక్రానికి ఆనిస్తే పళ్ల రూపు మారి పొందిక పోతుంది. గరుకు కాగితాన్ని కత్తిరిస్తే పదును వస్తుందన్న మాటనూ నమ్మవద్దు, మహా అయితే అంచు మీది చిన్న గరుకు పోతుంది.

పాతదాన్ని చూసేటప్పుడు తెరిచి పట్టుకుని రెండు పిడులను పక్కలకు కదిపి చూడండి, నడుమ ఆడకూడదు. తర్వాత విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలత నుంచి తెచ్చుకున్న లైనింగ్‌లో మిగిలిన ముక్కను ఒంటి పొరగా పెట్టి, మొదలు నుంచి కొస దాకా కత్తిరించండి. కొస దగ్గర కూడా తెగితే అది ఉంచుకోవలసిన వస్తువు. పైపై తుప్పు ఉంటే కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, మరలో ఒక చుక్క మెషీన్ ఆయిల్ వేస్తే చాలు. పళ్ల అడుగున గుంటలు పడి ఉంటే ఆశ వదులుకోండి.

పిల్లలు అమెరికాలో ఉంటున్న వారి ఇళ్లలో ‘విస్’ అన్న ముద్ర ఉన్నవి కొన్ని కనిపించవచ్చు. అది న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో 1848లో మొదలైన కంపెనీ. పళ్ల కత్తెరకు 1893లోనే లూయీస్ ఆస్టిన్ అనే అమెరికన్ మహిళ పేటెంటు పొందారు. అంతకు ముందు పళ్ల అంచున్న ఇనుప పనిముట్టును గుడ్డ మీద పెట్టి సుత్తితో కొట్టేవారు.

కొత్తదాని పక్షాన చెప్పవలసినది ఒకటుంది. తేలిక. మణికట్టు నొప్పి ఉన్నవారు, ఎడమచేతి వాటం వారు పాతదానితో కుస్తీ పట్టవద్దు. పాత పిడులు బొటనవేలిని ఒరుస్తాయి, ఎడమచేతికి సరిపడేవి దొరకడం కష్టం. కొత్తవి చాలావరకు స్టెయిన్‌లెస్ కనుక వానాకాలం తేమలో తుప్పు భయమూ తక్కువ.

మెషీన్ మీద జిగ్‌జాగ్ కుట్టు, చక్రంలా దొర్లుతూ కోసే కత్తికి (రోటరీ కట్టర్) అమర్చే పళ్ల బ్లేడు కూడా ఉన్నాయి. మొదటిది ఓవర్‌లాక్‌కు ఇంటి ప్రత్యామ్నాయం. రెండోదానికి కింద మ్యాట్ కావాలి, జాకెట్ వంపుల దగ్గర ఇబ్బంది.

నేను పాతదే వాడతాను. కుట్టు వేశాకే కత్తిరిస్తాను, ముందే కత్తిరిస్తే అంచు నుంచి కొలత సరిగా అందదు. కొస దాకా మూయకుండా, తెగిన చివరి పళ్లలోనే మళ్లీ పళ్లు కూర్చి ముందుకు జరుపుతాను. ఆ కత్తెర కాగితం జోలికి వెళ్లకూడదు, పిల్లల ప్రాజెక్టు పనికి వేరేది కొనివ్వండి.