బెట్టింగ్ సైట్ అడుగున బ్రిటన్ లైసెన్స్ ముద్ర చూసి డబ్బు వేయకండి

చెన్నైలో, ముఖ్యంగా ఓఎంఆర్ పక్కన హాస్టళ్లలో ఉంటున్న మన తెలుగు పిల్లలు దయచేసి ఇది పూర్తిగా చదవండి. పెరుంగుడిలో ఉండే మా పిన్ని కొడుక్కి టెలిగ్రామ్‌లో ఎవరో క్రికెట్ బెట్టింగ్ ఐడీ, అంటే సైట్‌లోకి వెళ్లే లాగిన్, అమ్మారు. సైట్ అడుగున బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్స్ అని ముద్ర, పక్కన ఒక నంబరు. ఆ ధైర్యంతో 38 వేలు వేశాడు. మొదట 2 వేలు విత్‌డ్రా ఇచ్చారు. తర్వాత స్క్రీన్ మీద లక్ష దాటింది. తీసుకోబోతే, ముందు 30 శాతం టాక్స్ కట్టమన్నారు. అదీ కట్టాడు. వెంటనే ఐడీ బ్లాక్ చేశారు.

ఆ నంబరును కమిషన్ రిజిస్టర్‌లో వెతికాను. అది ఎవరైనా చూడొచ్చు, ఏ కంపెనీకి ఏ వెబ్ అడ్రస్‌లు ఉన్నాయో అందులోనే ఉంటుంది. నంబరు నిజమే, కానీ వేరే కంపెనీది. ఈ సైట్ పేరే అందులో లేదు.

ఒకవేళ లైసెన్స్ అసలుదే అయినా మనకు ఒరిగేదేమీ లేదు. 2005 గ్యాంబ్లింగ్ చట్టం కింద ఆ కమిషన్ ఇచ్చే అనుమతి బ్రిటన్ కస్టమర్ల కోసం. ఆడకముందే వయసు, గుర్తింపు సరిచూడటం, 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో పందేలు వద్దనడం, ఇవన్నీ అక్కడివాళ్లను కాపాడటానికి పెట్టిన నియమాలు. అక్కడ కూడా కమిషన్ ఎవరి డబ్బూ తిరిగి ఇప్పించదు, గొడవ తేల్చుకోవడానికి వేరే సంస్థ దగ్గరికి పంపుతుంది. ఇక చెన్నైలో ఉన్న మన మాట ఎవరు వింటారు?

మన దేశంలో 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నైపుణ్యం ఆటైనా, అదృష్టం ఆటైనా ఒకటే. నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. కాబట్టి ఇండియా లైసెన్స్ ఉందని చెప్పినా అబద్ధమే.

టాక్స్ మాట వినగానే ఆగిపోండి. గెలుపు మీద టీడీఎస్ అంటే ఇచ్చే డబ్బులోంచి కోసుకునేది. మన జేబులోంచి ముందే కట్టమని ఎవరూ అడగరు. డబ్బు వేయమని పంపే క్యూఆర్ కోడ్ మారినప్పుడల్లా కొత్త మనిషి పేరు వస్తుంటే అవి అద్దె ఖాతాలు, అంటే మోసం డబ్బు తిప్పడానికి వేరేవాళ్ల దగ్గర తీసుకున్నవి. మా వాడికి మొదట వచ్చిన ఆ 2 వేలు కూడా అలాంటి ఖాతాలోంచే వచ్చాయి. దాంతో వాడి జీతం ఖాతా కూడా ఫ్రీజ్ అయింది. ఇంట్లో ఇప్పుడు అదే టెన్షన్.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే డబ్బు ఖాతాలు మారిపోతుంది. చాట్, యూటీఆర్ నంబర్లు (ప్రతి పేమెంట్‌కు బ్యాంకు ఇచ్చే నంబర్లు) డిలీట్ చేయొద్దు. పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తామంటూ ఇప్పుడు మా వాడికి ఫోన్లు వస్తున్నాయి, ఫీజు ముందే కట్టాలట. వాళ్లకీ ఒక్క రూపాయి పంపకండి.