నైట్ గార్డ్‌తో రెండేళ్లు, అది లేని 19 రాత్రులు

మా ఇల్లు కంచరపాలెంలో, రైలు పట్టాలకు దగ్గర. రాత్రి మధ్యలో మెలకువ వస్తే గూడ్సు బండి వల్లే అనుకుని మళ్లీ పడుకునేదాన్ని. పొద్దున కణతలు పట్టేస్తే విశాఖ ఉక్క అనుకునేదాన్ని. అసలు సంగతి మా అమ్మాయి చెప్పింది. “అమ్మా, నిద్రలో నువ్వు బియ్యంలో రాళ్లు నమిలినట్టు చప్పుడు చేస్తున్నావు” అంది. కడుపులో నులిపురుగులు ఉంటాయని మా అత్తయ్య మాత్రలు తెప్పించారు. వేసుకున్నా చప్పుడు ఆగలేదు. పళ్ల డాక్టరు అద్దం పట్టి, దవడ పళ్ల అంచులు ఎంత అరిగిపోయాయో చూపించాక నైట్ గార్డ్‌కు ఒప్పుకున్నాను. నిద్రలో పళ్లు కొరికినా అవి అరగకుండా రాత్రిపూట పళ్లకు తొడుక్కునే పలక అది.

ధర తక్కువని మొదట మెత్తటిది చేయించుకున్నాను. మూడు నెలలకే కుడివైపు చిల్లు పడింది. మెత్తగా ఉండేసరికి నిద్రలో నమిలేదాన్ని కాబోలు, పొద్దున దవడ ఇంకా బిగుసుకుపోయేది. మెత్తటిదే హాయిగా ఉందనేవాళ్లూ నాకు తెలుసు. నాకు మాత్రం పడలేదు. తర్వాత పై పళ్లకు గట్టి ఆక్రిలిక్‌తో చేయించుకున్నదే ఈ రెండేళ్లుగా వాడుతున్నాను.

నాకు దీనిలో నచ్చింది ఆ గట్టిదనమే. కింది పళ్లన్నీ ఆ నున్నటి పలక మీద ఒకేసారి ఆనుతాయి, ఏ ఒక్క పన్నుకూ కొరకడానికి పట్టు దొరకదు. మొదటి వారం నోరంతా లాలాజలం, రెండుసార్లు నిద్రలోనే తీసి పక్కన పడేశాను. పదో రోజు పొద్దున పాలు కాచి, టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది, ఈ రోజు తలనొప్పి లేదని. అలాంటి పొద్దుటిపూట ఎన్నేళ్ల కిందట చూశానో చెప్పలేను. స్కూల్లో తోటి టీచర్లందరికీ దీని గురించి చెప్పాను.

నిరుడు పైన కుడివైపు పన్నుకు రూట్ కెనాల్ అయింది. అక్కడి నుంచే కష్టం మొదలైంది. క్యాప్ అంటించే రోజు చిగురు నొప్పెడుతుందని ఇంజక్షన్ ఇచ్చారు. నోరు సగం మొద్దుబారింది, కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాను. “కొరకండి మేడం, ఎత్తుగా ఉందా?” అంటే బాగానే ఉందన్నాను. ఆ స్థితిలో ఎవరికి మాత్రం తెలుస్తుంది? రాత్రి గార్డ్ పెట్టుకోబోతే కూర్చోలేదు. కుడివైపు క్యాప్ మీద ఆగిపోయి, ఎడమవైపు తేలిపోతోంది. మర్నాడు ఫోన్ చేస్తే, కొన్నాళ్లు వేసుకోవద్దు, అదే సర్దుకుంటుంది అన్నారు.

19 రాత్రులు అలాగే గడిచాయి. రెండింటికో మూడింటికో మెలకువ, దవడ బిగుసుకుపోయి చెవిదాకా పోటు. నోరు మూయగానే ముందు క్యాపే తగిలేది. నరం తీసేసిన పన్నుకు నొప్పేమిటని అనుకున్నాను. పంటి లోపలి నరం తీసేసినా, వేరును ఎముకకు పట్టి ఉంచే పొరకు నొప్పి తెలుస్తుందట. పరీక్ష పేపర్లు దిద్దే రోజులవి. ఒకే పేపరు రెండుసార్లు దిద్దిన సందర్భాలున్నాయి.

ఇరవయ్యో రోజు వేరే డాక్టరు దగ్గరికి గార్డ్ కూడా తీసుకుని వెళ్లాను. ఆమె నన్ను నిటారుగా కూర్చోబెట్టి, నీలం కాగితం పళ్ల మధ్య పెట్టి కొరకమన్నారు, దవడ అటూ ఇటూ జరపమన్నారు. మిగతా పళ్ల మీద సన్నటి చుక్కలు పడితే క్యాప్ మీద ముదురు మచ్చ పడింది. వెంట్రుకవాసి ఎత్తు, అంతే. దాన్ని అరగదీసి నున్నగా చేశారు. గార్డ్ లోపల క్యాప్ వచ్చేచోట కొంచెం చెక్కి, వదులైనచోట ఆక్రిలిక్ వేసి, దాని మీద కూడా కాగితం పెట్టి సరిచూశారు. మొత్తం గంటలోపు పని. దానికోసం 19 రాత్రులు పోగొట్టుకున్నానన్న కోపం నాకు ఇంకా తగ్గలేదు. ఆ రాత్రి మా ఇంటి పక్కనుంచి ఎన్ని బండ్లు వెళ్లాయో నాకు తెలియదు.

అప్పట్లో అందరికీ “పళ్లు కొరకడం మానేశాను” అని చెప్పాను. అది నిజం కాదు. గార్డ్ మీద గీతలు కనిపిస్తూనే ఉన్నాయి, పరీక్షల నెలల్లో మరీ ఎక్కువ. అలవాటు పోలేదు, అరుగుదల పంటి మీద పడకుండా పలక మీద పడుతోంది. వేడినీళ్లతో కడిగితే వంకర తిరుగుతుందన్నారని చన్నీళ్లే వాడుతున్నాను. తడిగా డబ్బాలో మూసేస్తే మన తేమకు వాసన పట్టేస్తుంది.

నాకు గురక లేదు, పగలు కూర్చున్నచోట కునుకు రాదు. ఆ రెండూ లేనందువల్లే ఇది నాకు సరిపోయిందేమో. మా మరిది గట్టిగా గురక పెడతాడు. ఇలాంటిదే కావాలని వెళ్తే, ముందు నిద్ర పరీక్ష చేయించుకోమని డాక్టరు పంపేశారు. నిద్రలో ఊపిరి ఆగేవాళ్లలో కొందరికి ఈ రకం గార్డ్‌తో ఇబ్బంది పెరగొచ్చట. కింది దవడను ముందుకు పట్టి ఉంచే పరికరం వేరే ఉందట.

వచ్చే నెల నాకు ఎడమవైపు క్యాప్ వేయాలి. గార్డ్ డబ్బా బ్యాగులో పెట్టుకునే వెళ్తాను. మొద్దుబారడం వదిలేదాకా అక్కడే కూర్చుని, ఇంకోసారి కాగితం పెట్టమని అడుగుతాను.