కాలేజ్ ఫుట్‌బాల్ 25 రివ్యూ: కవర్ మీద ఉన్న ఆటగాడి మొదటి కాలేజీ గేమ్‌లోనే లేదు

ఈఏ స్పోర్ట్స్ వాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేమ్ కాలేజ్ ఫుట్‌బాల్ 25 మీద రివ్యూలు బోలెడు వచ్చాయి. గ్రాఫిక్స్ బాగున్నాయి, స్టేడియాలు ఉన్నవి ఉన్నట్టు దించారు, బ్యాండ్ మోత అదిరింది అని అందరూ రాశారు, అవన్నీ నిజమే కాబట్టి నేను మళ్ళీ రాయను. నేను చూడాలనుకున్నది వేరే. చిన్న కాలేజీలో ఆడేవాడికీ పెద్ద కాలేజీలో ఆడేవాడికీ అసలు ఎంత తేడా ఉంటుంది, ఆ తేడాని ఈ గేమ్ ఎంతవరకు పట్టుకుంది? అమెరికాలో కాలేజ్ ఫుట్‌బాల్ చూసేవాళ్ళ మధ్య ఎన్నేళ్ళయినా తెగని వాదన ఇది. ఒకడు "మావాడు అలబామా లాంటి పెద్ద జట్టులో ఉన్నా ఆడేసేవాడు" అంటాడు, ఇంకొకడు నవ్వుతాడు.

ముందు కవర్ సంగతి. 2024 జులైలో వచ్చిన ఈ గేమ్ స్టాండర్డ్ ఎడిషన్ కవర్ మీద ముగ్గురున్నారు, అందులో ఒకడు ట్రావిస్ హంటర్. హైస్కూల్ నుంచి బయటికొచ్చినప్పుడు దేశంలోనే నంబర్ వన్ అనిపించుకున్న కుర్రాడు, పెద్ద కాలేజీలన్నీ వెంటపడుతుంటే వాటిని కాదని జాక్సన్ స్టేట్‌కి వెళ్ళాడు. తర్వాత కోచ్ డియాన్ శాండర్స్‌తో పాటు కొలరాడోకి మారి, 2024 సీజన్‌కి హైస్మన్ ట్రోఫీ (దేశంలో బెస్ట్ కాలేజీ ఆటగాడికి ఇచ్చేది) కొట్టాడు. మరి ఆ జాక్సన్ స్టేట్‌ని గేమ్‌లో వెతకండి. ఉండదు. ఎందుకంటే అది కింది అంతస్తు, అంటే ఎఫ్‌సీఎస్ కాలేజీ, ఈ గేమ్‌లో ఉన్నవి పై అంతస్తు ఎఫ్‌బీఎస్‌లో ఉన్న 134 జట్లు మాత్రమే. ఎన్‌ఎఫ్‌ఎల్ దిగ్గజం వాల్టర్ పేటన్ ఆడింది కూడా ఆ జాక్సన్ స్టేట్‌లోనే, 1975 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే చోట) నాలుగో పిక్‌గా వెళ్ళాడు. ఆ చరిత్ర మొత్తానికి ఇక్కడ చోటు దక్కలేదు.

ఈ ఆట కొత్తగా చూసేవాళ్ళకి ఒక్క ముక్క. డివిజన్ వన్‌లో పై అంతస్తు ఎఫ్‌బీఎస్, కింది అంతస్తు ఎఫ్‌సీఎస్, వాటి కింద డివిజన్ టూ, డివిజన్ త్రీ. గేమ్ వచ్చేనాటికి ఎఫ్‌బీఎస్ జట్టుకి 85 ఫుల్ స్కాలర్‌షిప్‌లు. ఎఫ్‌సీఎస్‌లో 63, వాటినే ముక్కలు చేసి 85 మంది దాకా పంచుకోవచ్చు. డివిజన్ టూలో 36. డివిజన్ త్రీలో ఆట కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ అసలు లేదు, సొంత డబ్బు పెట్టుకుని, పొద్దున్నే లేచి వెయిట్ రూమ్‌కి వెళ్ళి, ఆ తర్వాత క్లాసుకి పరుగెత్తే బాపతు. ఈ అంకెలు గుర్తుపెట్టుకుంటే తేడా ఎక్కడుందో సగం అర్థమైనట్టే, ఎందుకో తర్వాత చెప్తాను.

ఎఫ్‌సీఎస్ జట్లు గేమ్‌లో బొత్తిగా లేవని కాదు, కోచ్‌గా ఏళ్ళ తరబడి జట్టుని నడిపే డైనస్టీ మోడ్‌లో షెడ్యూల్ చూస్తే ఎఫ్‌సీఎస్ ఈస్ట్, ఎఫ్‌సీఎస్ మిడ్‌వెస్ట్ అని పేరూ ఊరూ లేని జట్లు తగులుతాయి. వాళ్ళతో ఆడటం అంటే దిష్టిబొమ్మలతో ఆడినట్టే. పెద్ద జట్టు పట్టుకుంటే హాఫ్ టైమ్‌కే పని అయిపోతుంది. నిజం కూడా చాలాసార్లు అలాగే ఉంటుంది కదా అనొచ్చు. సెప్టెంబర్ శనివారాల్లో చిన్న కాలేజీ లక్షల డాలర్ల చెక్కు తీసుకుని పెద్దవాళ్ళ స్టేడియానికి వెళ్ళి చితక్కొట్టించుకుని వస్తుంది, ఆ చెక్కుతోనే మిగతా క్రీడలు నడుస్తాయి. కానీ అన్నిసార్లూ కాదు. 2007 సెప్టెంబర్ 1న దేశంలో ఐదో ర్యాంకులో ఉన్న మిషిగన్ ఆపలాచియన్ స్టేట్‌ని పిలిచి 4 లక్షల డాలర్లిచ్చి మరీ 34-32తో ఓడిపోయింది. ఆ మిషిగన్ జట్టులో లెఫ్ట్ టాకిల్ జేక్ లాంగ్, తర్వాతి ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్. 2010లో జేమ్స్ మాడిసన్ వర్జీనియా టెక్‌ని కొట్టింది. 2016లో నార్త్ డకోటా స్టేట్ అయోవా గడ్డ మీదే అయోవాని 23-21తో కొట్టింది, ఆఖరి సెకన్లలో ఫీల్డ్ గోల్‌తో. వీటిలో ఆపలాచియన్ స్టేట్, జేమ్స్ మాడిసన్ ఇప్పుడు గేమ్‌లో ఉన్నాయి, తర్వాత పై డివిజన్‌కి మారాయి కాబట్టి. పదిసార్లు ఎఫ్‌సీఎస్ చాంపియన్ అయిన నార్త్ డకోటా స్టేట్ మాత్రం లేదు.

ఇక అసలు విషయం, రేటింగ్‌లు. ప్రతి ఆటగాడికీ ఓవరాల్ అని ఒక అంకె, జట్టుకీ ఒక అంకె. మొదట్లో జార్జియా 95తో అందరికన్నా పైన ఉంది. ఈ అంకెల గురించి ఒక కథ ఉంది, కాలేజ్ ఫుట్‌బాల్ అభిమానులకి బాగా తెలిసిందే. బఫలో యూనివర్సిటీలో ఖలీల్ మ్యాక్ అని ఒక లైన్‌బ్యాకర్. ఈఏ వాళ్ళ పాత కాలేజ్ గేమ్‌లో అతనికి 46 ఓవరాల్ ఇచ్చారు. ఒళ్ళు మండి జెర్సీ నంబరే 46 వేసుకున్నాడు. 2014 డ్రాఫ్ట్‌లో ఐదో పిక్‌గా వెళ్ళాడు, రెండేళ్ళకి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. బఫలో ఎఫ్‌బీఎస్సే, కాకపోతే ఎవరూ పెద్దగా పట్టించుకోని వైపు. గేమ్ వాళ్ళకి కళ్ళు లేవని తిట్టడానికి కాదు ఇది చెప్పేది. రిక్రూటర్లు కూడా అతన్ని చూసింది అంతే, హైస్కూల్లో ఐదింటికి రెండు స్టార్లు. పదిహేడేళ్ళ కుర్రాడి ఒళ్ళు ఇరవై రెండేళ్ళకి ఏమవుతుందో చెప్పడం ఎవరి వల్లా కాదు.

చిన్న కాలేజీల్లో తేలిన పెద్ద ఆటగాళ్ళందరి కథలోనూ ఇలాంటి కారణం ఒకటి దొరుకుతుంది. ఆలస్యంగా ఎదిగారు, లేదా తప్పు పొజిషన్‌లో ఆడారు, లేదా ఎవరూ చూడని చోట ఆడారు. క్యామ్ వార్డ్ ఆడిన హైస్కూల్ జట్టు పాస్‌లు వేసేదే తక్కువ, మరి పాస్‌లు వేసే క్వార్టర్‌బ్యాక్‌ని ఎవరు చూస్తారు? ఇన్కార్నేట్ వర్డ్ అనే ఎఫ్‌సీఎస్ కాలేజీ ఒక్కటే పిలిచింది. అక్కణ్ణుంచి వాషింగ్టన్ స్టేట్, అక్కణ్ణుంచి మయామి, 2025 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్. ఈ గేమ్‌లో అతను మయామి జెర్సీలో ఉంటాడు.

ఇక్కడ నాకు గేమ్‌తో పేచీ. కూపర్ కుప్ లాంటి రిసీవర్, ప్రతి చిన్న కాలేజీ అభిమానీ చూపించే పేరు, ఎఫ్‌సీఎస్‌లోని ఈస్టర్న్ వాషింగ్టన్‌లో 73 టచ్‌డౌన్‌లు పట్టాడు, తర్వాత సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) ఎంవీపీ. అలాంటి రిసీవర్లు, క్వార్టర్‌బ్యాక్‌లు, కార్నర్‌లు కింది డివిజన్‌లలో అక్కడక్కడ దొరుకుతూనే ఉంటారు. దొరకనిది ఏంటంటే 300 పౌండ్లు దాటి కూడా పరుగెత్తగలిగిన మనిషి, అంటే ముందు వరసలో ఢీకొట్టే లైన్‌మ్యాన్. అలాంటివాడు హైస్కూల్లో కనపడ్డాడంటే పెద్ద కాలేజీలన్నీ గద్దల్లా వాలిపోతాయి. కింది డివిజన్‌లకి వచ్చేది ఎత్తు ఉండి బరువు లేనివాడు, లేదా బరువు ఉండి కదలలేనివాడు. అందుకే డివిజన్ త్రీ నుంచి వచ్చి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడిన లైన్‌మెన్‌ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. హోబార్ట్ కాలేజీ నుంచి ఆలీ మార్పెట్ 2015లో 61వ పిక్, ఆ డివిజన్ నుంచి అంతకన్నా పై పిక్‌లో ఎవరూ వెళ్ళలేదు. విస్కాన్సిన్-వైట్‌వాటర్ నుంచి క్విన్ మైనర్జ్ 2021లో 98. నార్త్ డకోటా స్టేట్ నుంచి గ్రే జాబెల్ 2025లో 18వ పిక్ అయ్యాడంటే, ఆ కాలేజీ మిగతా ఎఫ్‌సీఎస్ వాళ్ళని ఏళ్ళ తరబడి ఎందుకు ఏలిందో అర్థమవుతుంది. వాళ్ళ బలం ఎప్పుడూ లైనే.

మరి గేమ్‌లో రోడ్ టు గ్లోరీ అని ఒక మోడ్ ఉంది, ఒక్క ఆటగాడిగా కాలేజీ జీవితమంతా ఆడొచ్చు, 5 స్టార్ ఎలీట్‌గా మొదలుపెట్టొచ్చు, 2 స్టార్ అండర్‌డాగ్‌గా మొదలుపెట్టొచ్చు. ఐడియా చాలా బాగుంది. కానీ ఎంచుకోవడానికి ఐదే పొజిషన్లు: క్వార్టర్‌బ్యాక్, రన్నింగ్ బ్యాక్, రిసీవర్, కార్నర్‌బ్యాక్, లైన్‌బ్యాకర్. లైన్‌మ్యాన్ లేడు. తేడా అన్నిటికన్నా ఎక్కువ ఎక్కడుందో ఆ చోటునే ఆడేవాడి చేతికి ఇవ్వలేదు. లైన్‌మ్యాన్‌గా ఆడటం బోర్ అనుకుని ఉంటారు, వ్యాపారంగా అది కరెక్టే కావచ్చు, నాకు మాత్రం వెలితిగానే ఉంది.

రెండోది బెంచ్. నిజం మ్యాచ్‌లలో గమనించండి, చిన్న జట్టు మొదటి క్వార్టర్ అంతా నిలబడుతుంది, కామెంటేటర్లు గొంతు పెంచుతారు, మనం కూడా సీట్లో ముందుకి జరుగుతాం, మూడో క్వార్టర్‌కి వచ్చేసరికి ఒక్కసారిగా కూలిపోతుంది. మొదటి పదకొండు మందిలో ఉన్న తేడా కన్నా ముప్ఫయ్యో, నలభయ్యో ఆటగాడి దగ్గర ఉన్న తేడా ఎక్కువ కాబట్టి. పెద్ద జట్టు డిఫెన్సివ్ లైన్‌లో ఎనిమిది మందిని తిప్పుతూ ఉంటుంది, రెండో వరసలో వచ్చేవాడు కూడా 4 స్టారే. ఇవతల చిన్న జట్టులో అదే టాకిల్ ప్రతి స్నాప్‌కీ, అంటే బంతి ఆటలోకి వచ్చిన ప్రతిసారీ, నిలబడాలి. అందుకే 85, 63 అంకెలు గుర్తుపెట్టుకోమన్నాను. ఈ గేమ్‌లో వేర్ అండ్ టేర్ అనే సిస్టమ్ పెట్టారు, తగిలిన ప్రతి దెబ్బా ఒంటి మీద ఆయా చోట్ల పేరుకుని ఆటగాడి సామర్థ్యం తగ్గుతూ వస్తుంది. ఇది మంచి పని, బెంచ్ విలువ కొంచెమైనా తెలుస్తుంది. ఇంకాస్త గట్టిగా పెట్టాల్సింది.

డిఫికల్టీ లెవెల్స్ సంగతీ చెప్పాలి. ఫ్రెష్‌మన్, వర్సిటీ, ఆల్-అమెరికన్, హైస్మన్ అని నాలుగున్నాయి. కింది లెవెల్‌లో చేయి తిరిగినవాడు కెంట్ స్టేట్ లాంటి బలహీన జట్టుతో కూడా జార్జియాని కొట్టేయొచ్చు, ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్ బుర్ర మనదే, బంతి ఎప్పుడు వదలాలో మనకి తెలుసు. హైస్మన్‌లో బలహీన జట్టు కూడా పులిలా ఆడుతుంది. అంటే మారేది కంప్యూటర్ తెలివి, ఇద్దరు ఆటగాళ్ళ మధ్య తేడా కాదు. సెట్టింగ్స్‌లో స్లయిడర్లు సర్దుకుంటే కొంత నయం, ఓపిక ఉండాలి. ఒక రకంగా చూస్తే ఆ రోజు ఆపలాచియన్ స్టేట్ చేసిందీ ఇలాంటిదే. మైదానం అడ్డంగా మనుషుల్ని పరిచేసి, క్వార్టర్‌బ్యాక్ ఆర్మాంటీ ఎడ్వర్డ్స్‌ని పరుగెత్తించి, లైన్‌కి లైన్ ఢీకొట్టే ఆట ఆడనే లేదు. తేడాని పూడ్చలేదు, పక్కనుంచి తప్పించుకుని వెళ్ళారు. గేమ్‌లో ఆప్షన్ ప్లేలు (బంతి తనే పట్టుకుని పరుగెత్తాలా, ఇంకొకరికి ఇవ్వాలా అని క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు తేల్చుకునేవి) బోలెడు ఉన్నాయి, చిన్న జట్టు తీసుకున్నవాళ్ళు వాటితోనే బతకాలి.

గేమ్ నూటికి నూరు పాళ్ళు పట్టుకున్నది ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరిచ్చే చోటు. డైనస్టీలో చిన్న కాలేజీ కోచ్‌గా మొదలుపెట్టండి. ఎవరికీ అక్కర్లేని 2 స్టార్ కుర్రాణ్ణి తెచ్చి, మూడేళ్ళు సానబట్టి, 88 ఓవరాల్ చేస్తే సీజన్ అయ్యీ అవ్వగానే పోర్టల్‌లో పేరు కనబడుతుంది. వాణ్ణి ఆపడానికి మన దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. కడుపు మండుతుంది, కానీ ఇవాళ్టి నిజం ఇదే. జారెడ్ వర్స్ ఆల్బనీలో, అంటే ఎఫ్‌సీఎస్‌లో మొదలుపెట్టి ఫ్లోరిడా స్టేట్‌కి వెళ్ళి 2024లో మొదటి రౌండ్‌లో పోయాడు. పాత రోజుల్లో అయితే ఆల్బనీలోనే నాలుగేళ్ళు ఉండేవాడు, మనం కూడా చిన్న కాలేజీ ఆటగాడు అనే చెప్పుకునేవాళ్ళం. జెర్రీ రైస్ మిసిసిపీ వ్యాలీ స్టేట్‌లో, స్టీవ్ మెక్‌నెయిర్ ఆల్కార్న్ స్టేట్‌లో చివరిదాకా ఉన్నారు. ఇప్పుడు అలాంటి ఇద్దరినీ రెండో ఏడాదికే ఎవరో ఎత్తుకుపోతారు. 2021 జులై నుంచి ఎన్‌ఐఎల్ డబ్బులు (ఆటగాడు తన పేరూ మొహం మీద సంపాదించుకునేవి) కూడా వచ్చాక ఇక చెప్పక్కర్లేదు. కింది డివిజన్‌లలో టాలెంట్ పుట్టడం తగ్గలేదు, నిలవడం తగ్గింది. మొత్తంగా తేడా పెరుగుతోందనే నా అంచనా.

డబ్బు అంటే గుర్తొచ్చింది, తమ పేరూ మొహం వాడుకోవడానికి ఒప్పుకున్న ఆటగాళ్ళకి ఒక్కొక్కరికి 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చారు. తక్కువే. అయినా ఎఫ్‌బీఎస్ వాళ్ళకి ఆ మాత్రం దక్కింది.

టీమ్ బిల్డర్‌తో చిన్న కాలేజీని మనమే తయారు చేసుకోవచ్చు, రంగులు, లోగో, జెర్సీ అన్నీ పెట్టి డైనస్టీలో దించొచ్చు, 16 జట్ల దాకా. దిగేటప్పుడు ఉన్న జట్టు ఒకటి పక్కకి తప్పుకోవాలి. మోంటానా, నార్త్ డకోటా స్టేట్, జాక్సన్ స్టేట్, అభిమానులు చేసి పెట్టినవి చాలా ఉన్నాయి, కొన్ని అచ్చం అసలువాటిలాగే ఉన్నాయి. ఎఫ్‌సీఎస్ అభిమానులకి ఈ గేమ్ కొనడానికి ఇదొక్కటే గట్టి కారణం.

నా మార్కులు ఆటగా అయితే 5కి 4. చిన్న కాలేజీకీ పెద్ద కాలేజీకీ ఉన్న తేడాని చూపించడంలో 2.5, అందులో సగం పోర్టల్‌కే. పీసీ వెర్షన్ లేదు, పీఎస్5 లేదా ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ ఉండాల్సిందే. తర్వాత వచ్చిన 26లో డెలావేర్, మిజోరీ స్టేట్ కొత్తగా చేరి 136 జట్లయ్యాయి, రెండూ 2025లో ఎఫ్‌బీఎస్‌కి మారినవే. ఎఫ్‌సీఎస్ కోసం చూస్తున్నవాళ్ళు 26కి డబ్బులు పెట్టే ముందు 25నే డిస్కౌంట్‌లో పట్టుకుని టీమ్ బిల్డర్ తెరవండి.