నాయనమ్మ రూపాయి, వన్ టౌన్ రూపాయి

రెండింటి మీదా ఐదో జార్జి బొమ్మే, రెండింటి మీదా 1918 అనే ఉంది. ఒకటి గుంటూరులో నాయనమ్మ ట్రంకు పెట్టెలో దొరికింది. రెండోది బెజవాడ వన్ టౌన్‌లో పాత సామాన్ల కొట్లో నేను ముచ్చటపడి కొన్నది.

నాది అసలుదో నకిలీదో తేల్చుకుందామని రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ముందు కాటా. ఆ కాలపు వెండి రూపాయి 11.66 గ్రాములు ఉండాలి. నాయనమ్మది అరిగి 11.5 తూగింది. నాది 9.8. అరుగుదలకి అంత తేడా రాదు.

అసలు సంగతి అంచు దగ్గర ఉంది. నాయనమ్మ రూపాయి అంచు గీతలు అరిగినా సమంగా ఉన్నాయి. నేను కొన్నదాని అంచు చుట్టూ గోటికి తగిలే సన్నటి అతుకు, అంటే టంకసాలలో కొట్టింది కాదు, లోహం కరిగించి అచ్చులో పోసింది. లెన్స్ పెడితే బొమ్మ మీద సూది మొనంత గుంటలు, అక్షరాలు కరిగిన సబ్బులా ఉన్నాయి. రాజుగారి అంగీ మీద ఏనుగుకి తొండమే తేలలేదు! (1911 రూపాయిల్లో ఆ ఏనుగు పందిలా ఉందని గొడవై, బొమ్మ మార్చారు.)

అయస్కాంతానికి రెండూ అంటలేదు. కాబట్టి దాన్ని నమ్ముకోకండి, ఇత్తడీ అంటదు.

విక్టోరియా రూపాయైతే పేరు చదవండి. 1877 నుంచి ‘ఎంప్రెస్’ (చక్రవర్తిని) అని ఉండాలి. 1885 వేసి ‘క్వీన్’ అంటే నకిలీయే. ఈస్టిండియా కంపెనీ పేరుతో 1818 రాముడి పట్టాభిషేకం నాణెమా? కంపెనీ అలాంటిది ముద్రించనేలేదు.

నాయనమ్మ రూపాయికి పైన టంకం మచ్చ ఉంది, ఎప్పుడో గొలుసుకి వేసుకుందట. సేకరించేవాళ్లు దానికి ధర తగ్గిస్తారు. తగ్గించనీ, నేనేం అమ్మడం లేదుగా.